మొదటి ప్రశ్న వేసే మనిషి

మా కళ్ళద్దాల దుకాణానికి ఎదురుగా కాలేజీ గేటు. గేటు దాటి ఎడమ చేతికి తిరిగితే కాలేజీవాళ్ళ మ్యూజియం. అక్కడ నెలకొక శనివారం సాయంత్రం కళల మీదా, చరిత్ర మీదా, తవ్వకాల మీదా పెద్దపెద్దవాళ్ళు వచ్చి ఉపన్యాసాలిస్తారు. బయట బోర్డు మీద 'అందరూ ఆహ్వానితులే' అని రాసి ఉంటుంది. ఆ మాట నమ్మి లోపలికి వెళ్ళినవాణ్ణి ఊరు మొత్తానికీ నేనొక్కణ్ణే. మిగతావాళ్ళంతా కాలేజీ మనుషులు. రాకపోతే ప్రిన్సిపాల్ ఊరుకోడని వస్తారు.

నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి అనుకుంటే పొరపాటే. నాకు తెలిసిన తారీఖులు రెండు. ఒకటి మా పెళ్ళిరోజు, రెండోది దుకాణం తెరిచిన రోజు. మొదటిది మా ఆవిడ గుర్తు చేస్తుంది. రెండోది దుకాణం బోర్డు మీదే రాసి ఉంది కాబట్టి బయటికి వెళ్ళి చూసుకుంటాను.

ఆ హాల్లోకి మొదటిసారి వెళ్ళింది కూడా విద్య మీద ప్రేమతో కాదు. బయట కుండపోత వాన. దుకాణంలో కరెంటు పోయింది, ఎదురుగా కాలేజీలో ఉంది. కాసేపు ఫ్యాను కింద కూర్చుందామని వెళ్ళాను. గుమ్మం దగ్గర తల లేని రాతి విగ్రహం ఒకటి ఉంటే దాని చేతికి గొడుగు తగిలించాను. మ్యూజియం చూసుకునే మేడం పరుగున వచ్చి ఆ గొడుగు తీసి నా చేతిలో పెట్టింది. మా పరిచయం అలా మొదలైంది.

ఆ రోజు ఒక ముసలి పండితుడు పాత నాణేల గురించి చెప్పాడు. పాపం, చాలా శ్రద్ధగా చెప్పాడు. అంతా అయ్యాక, "ఎవరికైనా ప్రశ్నలుంటే అడగండి," అన్నాడు. ఒక్కరూ నోరు మెదపలేదు. ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది. ఒకాయన గడియారం చూసుకుంటున్నాడు, ఇంకొకావిడ బ్యాగు సర్దుకుంటోంది. ఆ ముసలాయన చేతి రుమాలుతో మైకు తుడుస్తూ నిలబడ్డాడు. ఎందుకో నా ప్రాణం ఉసూరుమంది. లేచి నిలబడి, దుకాణంలో వేసుకునే కోటు కొసలు లాక్కుని, నాకే తెలియని భాషలో ఇలా అడిగాను: "దీన్ని బట్టి ఆనాటి సామాన్య ప్రజల జీవన విధానం ఎలా ఉండేదని మనం ఊహించవచ్చు?"

ఆయన మొహం వెలిగిపోయింది. "అద్భుతమైన ప్రశ్న!" అన్నాడు. అద్భుతమైన ప్రశ్న! నా జన్మలో నన్ను ఎవరైనా అద్భుతం అన్నది అదే మొదలు. జవాబు ఏం చెప్పాడో నాకు గుర్తు లేదు. 'అద్భుతం' దగ్గరే నేను ఆగిపోయాను.

అది మొదలు, ఉపన్యాసం ఉందంటే చాలు, మేడం అటెండరు చేత కబురు పంపేది: మీరు తప్పకుండా రావాలి అని. వెళ్ళేవాణ్ణి. ముందు వరసలో చివరి కుర్చీ నాది. దీపాలు ఆర్పి తెర మీద బొమ్మలు చూపిస్తుంటే నేను చీకట్లో కూర్చుని, ఇవాళ రావాల్సిన ఫ్రేములు ఎందుకు రాలేదా అని ఆలోచించుకునేవాణ్ణి. దీపాలు వెలగగానే లేచేవాణ్ణి. ప్రశ్న ఒక్కటే. నాణేలకీ అదే, కుండ పెంకులకీ అదే, కోట గోడలకీ అదే. అన్ని తాళాలకూ పట్టే తాళంచెవి నా దగ్గర ఉందని మురిసిపోయేవాణ్ణి. ఒకసారి మాత్రం ఇప్పటి చిత్రకళ మీద ఎవరో మాట్లాడారు. అలవాటు ప్రకారం లేచి 'ఆనాటి సామాన్య ప్రజల' అన్నాను. తెర మీది బొమ్మ గీసినాయన అక్కడే కూర్చుని ఉన్నాడు. గీసింది పోయిన ఏడాదట. ఆయన నా వంక చూసిన చూపుకు అర్థం నాకు చాలా రోజుల వరకూ తెలియలేదు. మెచ్చుకున్నాడనుకున్నాను.

ఇంటికొచ్చి చెప్పుకుంటే మా ఆవిడ వినేది. విని, "మరి ఆయన జవాబు ఏం చెప్పాడండీ?" అని అడిగేది. "అదంతా నీకు అర్థం కాదులే," అనేవాణ్ణి. అంతకన్నా నిజమైన జవాబు నా దగ్గర లేదు.

ఈ వైభవం ఇలా సాగుతుండగా మా అమ్మాయి అదే కాలేజీలో చరిత్ర చెప్పే పంతులమ్మగా చేరింది. నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. నా ప్రశ్నల వల్లే దానికి చరిత్ర మీద మనసు పోయిందని దుకాణానికి వచ్చిన నలుగురికీ చెప్పుకున్నాను. అది చేరింది తాత్కాలికంగా. ఏడాది తర్వాత ఉంచుతారో పంపుతారో తెలియదు. ఉద్యోగం ఖాయం చేసే ముందు మ్యూజియంలో ఒక ఉపన్యాసం ఇవ్వాలన్నారు. బయటి నుంచి తవ్వకాల్లో తల పండిన ఒక పెద్దావిడ వస్తుందట. ప్రిన్సిపాల్‌తో కలిసి కూర్చుని విని, జనం అడిగే ప్రశ్నలకు ఈ పిల్ల ఎలా నెగ్గుకొస్తుందో చూసి, ఆ తర్వాత తేలుస్తారట.

"జనం ప్రశ్నల సంగతి నాకొదిలెయ్," అన్నాను అన్నం ముందు కూర్చుని. "దేని గురించి చెబుతున్నావు?"

"మ్యూజియంలో ఉన్న కంచు అద్దం గురించి."

"అద్దమా! ఇంకేం, అది మన ఇంటి వ్యాపారమే కదా. నేను చెప్పేది రాసుకో..."

"నాన్నా, అది గాజు కాదు. కంచు."

"ఏదైతేనేం. మొదటి ప్రశ్న నాది."

అమ్మాయి అన్నం కలుపుతూ ఆగిపోయింది. వాళ్ళ అమ్మ వంక చూసింది. తర్వాత నెమ్మదిగా, "నాన్నా, ఈసారి నువ్వు రావద్దు," అంది.

నాకు వినపడింది. అయినా, "ఆఁ?" అన్నాను.

"స్టాఫ్ రూములో నిన్ను ఏమంటారో తెలుసా? 'సామాన్యుడు గారు' అంటారు. లెక్చరర్లు టీ తాగుతూ నీలాగా కోటు లాక్కుని నీ ప్రశ్న అడుగుతారు. టీ గ్లాసు చూపించి, దీన్ని బట్టి ఆనాటి సామాన్య ప్రజల... అని. అందరూ నవ్వుతారు. నువ్వు మా నాన్నవని అక్కడ మేడంకి తప్ప ఎవరికీ తెలియదు. నేను చెప్పలేదు. చెప్పలేకపోయాను."

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అది ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. నవ్వుతున్నారన్నది గోరుచుట్టు. నేను నాన్ననని అమ్మాయి చెప్పుకోలేకపోయిందన్నది రోకటిపోటు. చెయ్యి కడిగేసుకుని లేచాను. "నాకేం పనీ పాటా లేవా? రానులే. వాళ్ళ ఉపన్యాసాలు, వాళ్ళ పెంకులు! నేను వెళ్ళబట్టి ఆ హాలు నడుస్తోంది," అని చిన్నపిల్లాడిలా అలిగి పడుకున్నాను. అలిగినవాణ్ణి బుజ్జగించడానికి ఎవరూ రాలేదు. కాసేపటికి ఆకలి కూడా వేసింది.

పొద్దున మా ఆవిడ కాఫీ ఇస్తూ తీర్పు చెప్పింది. "అమ్మాయితో మాట్లాడాను. మీరు రావచ్చు. నేనూ వస్తాను. వెనక వరసలో కూర్చుందాం. కానీ మీరు నోరు విప్పకూడదు. దాని బతుకుతెరువండీ ఇది. మాటివ్వండి."

మాటిచ్చాను.

ఆ శనివారం హాలు నిండుగా ఉంది. నేనూ మా ఆవిడా చివరి వరసలో గోడకు ఆనుకుని కూర్చున్నాం. ముందు వరసలో నా కుర్చీలో ఎవరో కూర్చున్నారు. నా సింహాసనం అలా పోయింది. ప్రిన్సిపాల్ పక్కన ఆ పెద్దావిడ కూర్చుంది. పొట్టిగా ఉంది, దళసరి అద్దాలు పెట్టుకుంది, ఎవరితోనూ మాట్లాడటం లేదు. అద్దాల ఫ్రేము వంకరగా ఉంది. సరిచేద్దామని నా చేతులు దురద పెట్టాయి గానీ ఒడిలో పెట్టుకున్నాను.

దీపాలు ఆర్పారు. అమ్మాయి మొదలుపెట్టింది. మొదట్లో గబగబా చెప్పింది, తర్వాత కుదురుకుంది. అరచేయంత కంచు బిళ్ళ, కింద చిన్న పిడి. ఇప్పుడు పాచి పట్టినట్టు ఆకుపచ్చగా ఉంది గానీ, ఒకప్పుడు అందులో మొహం కనిపించేదట. కంచు ఊరికే మసకబారుతుందట. మెత్తని బూడిదతోనో దేనితోనో మాటిమాటికీ తోమితే తప్ప మొహం కనపడదట. పెద్దది చేసిన ఫోటోలో వెంట్రుక కన్నా సన్నని గీతలు గుండ్రంగా కనిపించాయి. "ఇవి తోమే చెయ్యి గుండ్రంగా తిరిగిన గుర్తులు," అంది. "ఒక అంచు ఎంత అరిగిపోయిందో చూడండి. కొన్నేళ్ళ పాటు, బహుశా కొన్ని తరాల పాటు, దీన్ని తోముతూనే ఉన్నారు."

కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు. నిజమే. కానీ ఒక్క సంగతి ఒప్పుకోవాలి, ఆ హాల్లో ఒక ఉపన్యాసం మొదటి నుంచి చివరి దాకా నేను విన్నది ఆ రోజే. ఫ్రేములు గుర్తుకు రాలేదు. దీపాలు వెలిగేసరికి నేను కుర్చీ అంచుకు జరిగి ఉన్నాను.

"ఎవరికైనా ప్రశ్నలుంటే అడగండి," అంది అమ్మాయి.

నేను నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నట్టు కూర్చున్నాను. ఎవరో ఒకరు అడుగుతారు కదా, ఇంతమంది చదువుకున్నవాళ్ళు ఉన్నారు. ఎవరూ అడగలేదు. ముందు వరసలో ఒక తల వెనక్కి తిరిగింది. రెండో వరసలో ఇంకొకటి. చూస్తుండగానే హాలు హాలంతా మెడ తిప్పి నా వంక చూస్తోంది. అప్పుడు తెలిసింది నేను చేసిన ఘనకార్యం. ఇన్నేళ్ళూ మొదటి ప్రశ్న నేనే వేసేసరికి, మొదటి ప్రశ్న వేసే పని మాది కాదని ఆ హాలు నమ్మేసింది. నేను అడిగితే గానీ ఎవరూ అడగరు. నేను అడగనని మాటిచ్చాను. అమ్మాయి వేదిక మీద ఒంటరిగా నిలబడి ఉంది. పెద్దావిడ తల వంచుకుని తన చేతులు చూసుకుంటోంది.

మా ఆవిడ నా మోకాలు మీద చెయ్యి వేసింది. మాట్లాడమనో, మాట్లాడవద్దనో నాకు అర్థం కాలేదు.

ప్రిన్సిపాల్‌కి ఆ నిశ్శబ్దం ఇబ్బందిగా ఉన్నట్టుంది. వాతావరణం తేలిక చేద్దామనుకున్నాడు. "ఏం సామాన్యుడు గారూ! ఇవాళ మౌనవ్రతమా? పోనీ మీ తరఫున నేనే అడిగేస్తాను," అని లేచి, లేని కోటు కొసలు లాక్కుని, నా గొంతుతో, "దీన్ని బట్టి ఆనాటి సామాన్య ప్రజల..." అన్నాడు. బాగానే చేశాడు, చెప్పొద్దూ. ఇంట్లో సాధన చేసినట్టున్నాడు. హాలంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. పదిమందీ నవ్వుతుంటే నేనొక్కణ్ణే బిగుసుకుని కూర్చుంటే బాగుండదు కదా అని నవ్వాను.

"సార్," అంది అమ్మాయి మైకులో. "ఆయన మా నాన్న."

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ప్రిన్సిపాల్ చేతులు ఇంకా లేని కోటు దగ్గరే ఉన్నాయి.

"ఇవాళ ఏమీ అడగొద్దని అమ్మ చేత ఆయనతో మాట ఇప్పించుకున్నది నేనే. నాకు సిగ్గేసి. అది నా తప్పు." నా వైపు తిరిగింది. "నాన్నా, నీకేమైనా అడగాలని ఉంటే అడుగు."

ఉద్యోగం పోయిందిరా దేవుడా అనుకున్నాను. ప్రిన్సిపాల్‌ని నిండు సభలో నిలబెట్టింది. ఇక మిగిలింది నేను. ఇప్పుడు నేను అడిగే మాట మీదే దాని పరువు ఉంది. లేచి నిలబడ్డాను. కోటు కొసలు లాక్కోబోయి చేతులు వెనక్కి తీసుకున్నాను. ఆ తర్వాత చూద్దును కదా, బుర్రలో ఏమీ లేదు! వినకుండా ఇన్నేళ్ళు అడిగినవాడికి, విన్న రోజున నోట మాట రావడం లేదు. ఉన్న ఒక్క ప్రశ్ననూ ప్రిన్సిపాల్ వాడేశాడు.

తెర మీద ఆ గీతల ఫోటో ఇంకా అలాగే ఉంది. దాన్నే చూస్తూ, "మేడం..." అన్నాను అలవాటు కొద్దీ. "అదే, అమ్మా... దాన్ని తోమిందెవరు?"

"అంటే?"

"అందులో మొహం చూసుకున్నావిడే తోముకునేదా? లేకపోతే చూసుకునేది ఒకరూ, తోమేది ఒకరూనా? అంతగా అరిగిపోయేలా తోమిన మనిషి, ఎప్పుడైనా అందులో తన మొహం చూసుకుందా అని..."

అంతకు మించి రాలేదు. కూర్చోబోయి కుర్చీ దొరక్క తడుముకున్నాను. మా ఆవిడ కుర్చీ జరిపింది.

అమ్మాయి తెర వైపు తిరిగి ఆ గీతల్ని అంచు నుంచి అంచు దాకా చూసింది. తర్వాత నా వైపు తిరిగి, "తెలియదు నాన్నా," అంది. "తెలుసుకునే దారి ఉందో లేదో కూడా నాకు తెలియదు."

ఆ హాల్లో అంతకు ముందు ఎవరూ ఆ మాట అనడం నేనెరగను. పండితులంతా నా ప్రశ్నకు గుక్క తిప్పుకోకుండా జవాబు చెప్పినవాళ్ళే. పిల్ల కొంప నేనే ముంచాననుకుని కళ్ళు మూసుకున్నాను.

"గీతలన్నీ ఒకే వైపు తిరుగుతున్నాయా, రెండు వైపులా తిరుగుతున్నాయా? చూశావా?" అని ఎవరో అడిగారు. కళ్ళు తెరిస్తే ఆ పెద్దావిడ.

"చూడలేదండీ."

"నేనూ ఈ అద్దాన్ని రెండుసార్లు చూశాను. ఆ సంగతి చూడాలని నాకూ తోచలేదు. తోమింది ఒక చెయ్యో, వేరు వేరు చేతులో, అదైనా తెలుస్తుందేమో. అది కూడా అనుమానమే. పద చూద్దాం," అని ఆవిడ లేచింది.

ఇక చూడాలి ఆ సందడి. అద్దం ఉన్న బీరువా చుట్టూ జనం మూగారు. మ్యూజియం మేడం తాళంచెవి కోసం హ్యాండ్‌బ్యాగు మొత్తం టేబుల్ మీద బోర్లించింది. పనిమనిషే తోమేది అని ఒకాయన, చూసుకునేటప్పుడు తుడుచుకోకుండా ఎలా ఉంటుందండీ అని ఇంకొకావిడ, అసలది మగవాళ్ళ అద్దమే కావచ్చు కదా అని మూడో ఆయన. ఇన్నేళ్ళుగా నోరు మెదపని వాళ్ళకు ఇన్ని మాటలు వచ్చా అని నేను నోరు తెరుచుకుని చూశాను. బయట టీ చల్లారిపోతోందని అటెండరు రెండుసార్లు వచ్చి చెప్పాడు. ఎవరూ కదల్లేదు. నన్ను మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. ప్రశ్న వేసింది ఎవరో కూడా మరిచిపోయారు. ప్రిన్సిపాల్ కూడా బీరువాలోకి తొంగి చూస్తున్నాడు.

ఇంటికి నడిచి వెళ్తున్నాం. మా ఆవిడ కూరగాయల కోసం వెనక ఆగింది. అమ్మాయి నాకన్నా ముందు విసవిసా నడుస్తోంది.

"తల్లీ, నా మూలంగా నీ ఉద్యోగానికి ఏమైనా..."

"కాసేపు మాట్లాడకు నాన్నా."

సందు మలుపులో అదే ఆగింది. "ఆయన నిన్ను వెక్కిరిస్తుంటే నువ్వెందుకు నవ్వావు?"

"అలవాటమ్మా. గిరాకీ ఏమన్నా నవ్వుతాం కదా. ఇన్నేళ్ళు కౌంటర్ వెనక నిలబడ్డాక..."

"నువ్వు నవ్వకపోతే నేను ఊరుకునేదాన్నే," అంది. "స్టాఫ్ రూములో ఊరుకున్నట్టే అక్కడా ఊరుకునేదాన్ని. నువ్వు కూడా నవ్వావు చూడు, అది చూడలేకపోయాను." కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. నాకూ ఏడుపొచ్చింది. రోడ్డు మీద ఇద్దరం ముక్కులు ఎగబీలుస్తూ నిలబడ్డాం. మా ఆవిడ సంచీతో వచ్చి, "ఏమైంది, ఎవరైనా పోయారా?" అని అడిగింది.

ఉద్యోగం వచ్చింది. పెద్దావిడే పట్టుబట్టి ఇప్పించిందని మ్యూజియం మేడం దుకాణానికి వచ్చి మరీ చెప్పింది. ఇక నన్ను పట్టేవాళ్ళు ఎవరు? వచ్చిన ప్రతి గిరాకీకీ కళ్ళు పరీక్ష చేస్తూ ఆ కథంతా చెప్పాను. ఒకాయనకు పాపం గోడ మీది అక్షరాలు చదవడం మానేసి వినాల్సి వచ్చింది. "ఒక్క ప్రశ్న వేశానండీ, పిల్లకి ఉద్యోగం వచ్చేసింది," అంటుండగా అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది.

"నీ ప్రశ్న వల్ల కాదు నాన్నా. నా జవాబు వల్ల."

"'తెలియదు' అనే కదే నువ్వు చెప్పింది?"

"అదే మరి. అంతమందిలో ఆ మాట అనడం ఎంత కష్టమో నీకేం తెలుసు? ఎప్పుడైనా అన్నావా?"

గిరాకీ పెద్దగా నవ్వాడు. నేను నవ్వలేదు. లెన్సు మార్చే వంకతో అటు తిరిగాను.

"వచ్చే శనివారం గుహల్లో బొమ్మల గురించి ఎవరో చెబుతున్నారు," అంది. "ముందు వరసలో, నా పక్కన కూర్చో."

కూర్చున్నాను. వచ్చినవాళ్ళందరికీ, "మా నాన్న," అని చెప్పింది. ప్రిన్సిపాల్‌కి కూడా చెప్పింది, ఆయనకు తెలియనట్టు. దీపాలు ఆర్పారు. గుహలు వచ్చాయి, జింకలు వచ్చాయి, నాకు నిద్ర కూడా వచ్చింది. గుర్రు పెట్టానట. అమ్మాయి మోచేత్తో డొక్కలో ఒక్క పోటు పొడిచింది. ఉలిక్కిపడి లేచి చూస్తే, ముందు వరసంతా మమ్మల్నే చూస్తోంది. అమ్మాయి మాత్రం వాళ్ళ వంక చూడలేదు. తెర మీది బొమ్మలు చూస్తూనే నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.